ఈ రాత్రి మా వీధి వంతు

ఆ ఇంటి గుమ్మం పక్కన చూరుకు ఒక బకెట్టు వేలాడుతూ ఉండేది. పక్కింటికీ ఒకటి, ఎదురింటికీ ఒకటి. వీధి చివరిదాకా చూస్తే దాదాపు ప్రతి ఇంటికీ ఉంది. మొదటిసారి చూసినప్పుడు అలంకారమేమో అనుకున్నాను. నన్ను తన ఊరికి తీసుకువచ్చిన సహోద్యోగి అసలు సంగతి చెప్పాడు. 1919లో ఊరి ఉత్తర భాగం దాదాపు పూర్తిగా తగలబడిపోయిందట. ఆ వీధుల్లో ఇప్పుడు వరుసగా కనిపించే చెక్క ఇళ్ళు ఆ తర్వాత కట్టుకున్నవి. వీధి పక్కన రాతి కాలువలో నీళ్ళు పగలూ రాత్రీ పారుతూ ఉంటాయి. నిప్పు కనిపిస్తే కాలువకు అడ్డంగా పలక దించి నీరు నిలబెట్టాలి, ఎవరి బకెట్టు వాళ్ళు అందుకుని పరుగెత్తాలి. ఇప్పుడు అగ్నిమాపక బండ్లు ఉన్నాయి కదా, ఈ బకెట్లు ఇంకా ఎందుకని అడిగాను. "దించితే పక్కింటివాళ్ళు అడుగుతారు" అన్నది వాళ్ళమ్మ.

ఊరి పేరు గుజో హచిమాన్. జపాన్ నడిమధ్యన, గిఫు ప్రాంతపు కొండల్లో ఉంటుంది. చుట్టూ నిటారుగా పెరిగిన సుగి, హినోకి చెట్ల కొండలు, ఊరి నడుమ నుంచి పారే యోషిదా నది, ఒక కొండ మీద చిన్న తెల్లని కోట. యోషిదా వెళ్ళి నగరా నదిలో కలుస్తుంది. మన "నగర"కూ ఆ నది పేరుకూ ఏ సంబంధమూ లేదు గానీ, మొదటి ప్రయాణంలో స్టేషన్ బోర్డుల మీద ఆ పేరు చదివిన ప్రతిసారీ సొంత మాట వినబడినట్టు ఉండేది. నేను 2015 నుంచి 2018 దాకా నగోయాలో ఉద్యోగం చేశాను. అక్కడి నుంచి ఈ ఊరికి బస్సులో సుమారు గంటన్నర. తీరిక ఉంటే మినో-ఓతాలో దిగి, ఒంటి పెట్టె రైలెక్కి, నది ఒడ్డు వెంట నెమ్మదిగా పోవచ్చు. నడుంలోతు నీళ్ళలో నిలబడి పొడవాటి గాలాలతో ఆయు చేపలు పట్టేవాళ్ళు కిటికీలోంచి కనిపిస్తూ ఉంటారు. ఉన్న మూడేళ్ళలో మూడు వేసవులు, 2016, 2017, 2018, వీలైన ప్రతి శనివారం నేను ఆ దారిన వెళ్ళాను.

వెళ్ళింది నాట్యం కోసం. గుజో ఒదోరి అంటారు దాన్ని. జూలై నడుమ మొదలై సెప్టెంబరు తొలి రోజుల దాకా సాగుతుంది, మొత్తం ముప్పైకి పైగా రాత్రులు. అన్ని రాత్రులూ ఒకే చోట జరగదు. ఈ రోజు ఈ వీధిలో, రేపు వంతెన అవతల, ఎల్లుండి గుడి ముందర. ప్రతి పేటకూ తన గుడో, చిన్న దేవతా స్థానమో, నీటి ఊటో ఉంటుంది. దాని జాతర ఏ రోజయితే ఆ రాత్రి ఆట ఆ పేటలో. మా ఆషాఢం గుర్తొచ్చింది నాకు. బోనాలు ముందు గోల్కొండలో, తర్వాత లష్కర్‌లో, అంటే సికింద్రాబాద్‌లో, ఆపైన పాతబస్తీలో. మా చిన్నమ్మ వాళ్ళు అక్కడే ఉండేవాళ్ళు. "ఈ ఆదివారం మాది" అనే మాటలో ఎంత హోదా ఉంటుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అదే హోదా ఆ జపాన్ కొండ ఊళ్ళో, పండు ముసలివాళ్ళ ముఖాల్లో చూశాను.

మా వీధి, అలా అనడానికి నాకు ఏ హక్కూ లేదు, కానీ మూడో వేసవికి అందరూ నాతో అలాగే మాట్లాడేవాళ్ళు. మా వీధి రాత్రి వచ్చే రెండు వారాల ముందు నుంచీ పలక తిరిగేది. దాన్ని కైరన్‌బాన్ అంటారు. గట్టి అట్టకు బిగించిన కాగితాలు, పైన ఇళ్ళ పేర్ల వరుస. చదివినవాళ్ళు తమ పేరు పక్కన గుర్తు పెట్టి పక్కింటికి చేరవేయాలి. చెత్త వేసే రోజు మారినా, కాలువ కడిగే రోజు వచ్చినా, జాతర వచ్చినా వార్త అలాగే నడిచివెళ్ళేది. ఆ రాత్రికి లాంతర్లు కట్టేది ఎవరు, బల్లలు మోసేది ఎవరు, వీధి రెండు చివరలా బండ్లు రాకుండా నిలబడేది ఎవరు, చివర్లో ఊడ్చేది ఎవరు, అన్నీ అందులో ఉండేవి. జీతం తీసుకుని ఆ పని చేసేవాడు ఒక్కడూ లేడు. తమ వంతు కాబట్టి చేసేవాళ్ళు. మన వినాయక చవితి పందిరి దగ్గర కుర్రాళ్ళు రాటలు పాతినట్టే ఉండేది ఆ సందడి. ఒక్కటే తేడా, ఇక్కడ నిచ్చెన ఎక్కేవాళ్ళలో డెబ్బయి దాటినవాళ్ళు ఎక్కువ. మా సహోద్యోగి లాంటి కుర్రాళ్ళు చదువులకు, ఉద్యోగాలకు నగోయా, ఒసాకా, టోక్యో చేరిపోయారు. అందుకే శనివారం మధ్యాహ్నం ఒక విదేశీ మనిషి చేతులు ముడుచుకుని నిలబడి కనిపిస్తే ఆ ముసలాయన ఊరుకోలేదు. పేటకు ఆయన పెద్ద. నా జపనీసు ఎంత మాత్రమో చూసుకోకుండానే ఒక బల్ల చివర చూపించి "పట్టుకో" అన్నాడు.

పట్టుకున్నాను. ఆ ఊరితో నా చుట్టరికం అలా మొదలైంది.

సాయంత్రం నాలుగింటికి గుడి అర్చకుడు వచ్చాడు. గుడి అంటే మన వీధి చివర పోచమ్మ గూడు అంత ఉంటుంది, అంతే. నాలుగు తాళ్ళు, తెల్ల కాగితపు తోరణాలు, పీట మీద బియ్యం, ఉప్పు, సాకే అనే బియ్యపు మద్యం, ఒక పుచ్చకాయ, కూరగాయలు. పేట పెద్దలు పదిమంది మడత కుర్చీల్లో వంగి కూర్చున్నారు. మంత్రం అయిపోగానే అందరికీ చిన్న మట్టి మూకుడులో రెండు గుక్కల సాకే పోశారు. విరాళం ఇచ్చినవాళ్ళ పేర్లు పొడవాటి కాగితపు పట్టీల మీద కుంచెతో రాసి ఒక గోడకు వరుసగా అంటించారు. మన చందాల పట్టిక లాంటిదే. చీకటి పడే వేళకు ఆడవాళ్ళు గోహే మోచి కాల్చడం మొదలుపెట్టారు. మెత్తగా దంచిన అన్నాన్ని పుల్లకు అద్ది, మిసో ముద్ద పూసి నిప్పుల మీద కాలుస్తారు. ఆ మాడువాసన వీధి మలుపు తిరిగినా వదలదు. కాలువ నీళ్ళలో చల్లబరచిన దోసకాయలు, టమాటాలు ఒక బుట్టలో ఉంచి పిల్లలకు పంచేవాళ్ళు.

తర్వాత యకతా వచ్చింది. దాన్ని ఏమనాలి? చక్రాల మీద నడిచే చిన్న చెక్క మండపం. పైకప్పు, చుట్టూ లాంతర్లు, లోపల పాటగాళ్ళు, మూడు తీగల షమిసెన్ వాయించేవాళ్ళు, వెదురు వేణువు, తైకో డోలు. దాన్ని వీధి కూడలి నడుమ నిలుపుతారు. ఆడేవాళ్ళు దాని చుట్టూ వలయంగా తిరుగుతారు. వలయం పెరిగితే సందుల్లోకి సాగి, కోడిగుడ్డు ఆకారంలోకి, పాము ఆకారంలోకి మారిపోతుంది. కోరస్ బాధ్యత ఆడేవాళ్ళదే. పైన ఆయన ఒక చరణం అందుకుంటే కింద వందల గొంతులు వంత పాడతాయి. పాట టేపు మీద రాదు, ఎప్పుడూ మనిషి గొంతులోంచే వస్తుంది. పాడేవాళ్ళు సంరక్షణ సంఘం సభ్యులు. 1920ల తొలి సంవత్సరాల్లో పుట్టిన సంఘం అది. అందరూ ఊరివాళ్ళే, అందరికీ పగటిపూట వేరే పనులున్నాయి. నేను ఒక చిన్న దుకాణంలో గొడుగు కొన్నప్పుడు డబ్బులు లెక్కపెట్టి ఇచ్చిన ఆయనే ఆ రాత్రి మండపంలో కూర్చుని కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. గుర్తుపట్టడానికి నాకు కొంతసేపు పట్టింది.

పది ఆటలున్నాయి, పదికీ అడుగులు వేరు. నేను ముందు నేర్చుకున్నది కవాసకి. నెమ్మదిగా, చేతులు పైకెత్తి చంద్రుణ్ణి చూసినట్టుగా సాగేది. ఇసే క్షేత్రానికి వెళ్ళి వచ్చిన యాత్రికుల వెంట ఆ పాట మూలం ఈ కొండల్లోకి వచ్చిందంటారు. హరుకోమాలో చేతులు గుర్రం కళ్ళేలు పట్టినట్టుంటాయి, కాళ్ళు ఎగురుతుంటాయి. కుర్రకారు దీనికోసమే కాచుకుని కూర్చుంటారు. నెకో నో కో అంటే పిల్లిపిల్ల, చేతులు పంజాలవుతాయి. గెన్‌గెన్ బరాబరా ఆడపిల్లల బంతాట పాటలోంచి పుట్టింది. యాచ్చికు వచ్చేసరికి మాత్రం నాకు ఒళ్ళు జలదరించేది, దాని సంగతి తర్వాత చెబుతాను. ఆట నేర్పే బడి ఏమీ ఉండదు. బాగా ఆడుతున్న ఎవరో ఒకరి వెనక చేరి, ఆ మడమలు చూస్తూ నడిచిపోవాలి. నేను ఎంచుకున్న మడమలు ఒక ఎనభై ఏళ్ళ ఆమెవి. నడుం వంగిపోయింది, కానీ చెక్క పాదుకల చప్పుడు ఒక్కసారి కూడా తప్పలేదు. నేను తప్పినప్పుడు వెనక్కి తిరిగి చూడకుండానే ఆ చప్పుడు కాస్త గట్టిగా చేసేది. "ఇక్కడ, ఇక్కడ" అన్నట్టు.

గెతా అంటే చెక్క పాదుక, అడుగున రెండు పళ్ళు ఉంటాయి. గుజో ఆటకు అదొక వాద్యం. మండపంలో డోలు ఒక్కటే, వీధిలో వందల జతల పాదుకలు. తారు రోడ్డు మీద ఆ చప్పుడు ఒక్కసారిగా పడినప్పుడు ఇళ్ళ గోడలకు తగిలి తిరిగి వస్తుంది. నాది హినోకి చెక్క జత, ఆ ఊళ్ళోనే కొన్నాను. మొదటి రాత్రికే బొటనవేలి సందులో తోలు లేచిపోయింది. సహోద్యోగి వాళ్ళమ్మ పట్టీ వేస్తూ "రెండు వారాల్లో కాయ కాస్తుంది, తర్వాత నొప్పి ఉండదు" అన్నది. ఒబాసాన్ అనేవాణ్ణి ఆమెను. మాట నిజమైంది. ఆ జత ఇప్పటికీ హైదరాబాదులో నా చెప్పుల అరలో ఉంది, మడమ వైపు పళ్ళు సగానికి అరిగిపోయి.

యాచ్చికు సంగతి. ఈ నాట్యం ఎలా పుట్టిందని అడిగితే ఊళ్ళో రెండు కథలు చెబుతారు. పదిహేడో శతాబ్దంలో కోట ప్రభువైన ఎండో వంశీకుడు, సమురాయ్, రైతు, వర్తకుడు అన్న తేడా లేకుండా పితరుల పండుగ ఒబోన్ నాలుగు రోజులూ కలిసి ఆడమన్నాడన్నది ఒకటి. రెండోది అంత మెత్తనిది కాదు. 1754లో పన్ను విధానం మార్చి భారం పెంచబోతే గుజో రైతులు ఎదురు తిరిగారు. నాలుగేళ్ళు పోరాడారు. ఎడో నగరం, అంటే ఇప్పటి టోక్యో దాకా కాలినడకన వెళ్ళి అర్జీ పెట్టుకున్నారు. చివరికి రైతు నాయకుల తలలు తెగాయి. అయితే ప్రభువు కనమోరి కూడా పదవి, కోట, భూమి సమస్తం పోగొట్టుకున్నాడు. దేశాన్ని ఏలే షోగున్ కొలువులోని పెద్ద తలలకు సైతం శిక్ష పడింది. జపాన్ చరిత్రలో రైతుల మాటకు ప్రభువు గద్దె దిగిన సందర్భాలు చాలా అరుదు. ఆ తర్వాత వచ్చిన అవోయామా వంశం చీలిపోయిన మనసులు కలపడానికి ఆటను ప్రోత్సహించిందంటారు. యాచ్చికు పాట ఆ చనిపోయిన రైతుల కథను గానం చేస్తుంది. తెలంగాణలో పుట్టినవాడికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. దొర మీద తిరగబడ్డవాళ్ళ పేర్లు పాటలో నిలబడటం మాకు తెలిసిన విషయమే. అయినా దొరే ఆడమన్నాడని చెప్పుకునే ఆటలో, దొరను దించినవాళ్ళ పాట రెండున్నర శతాబ్దాల తర్వాతా నడివీధిలో పాడుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

పంతొమ్మిదో శతాబ్దం చివరి మేజీ కాలంలో ప్రభుత్వం ఇలాంటి ఆటలు అనాగరికమని నిషేధించింది. ఊరు మానలేదు. పాటగాళ్ళ సంరక్షణ సంఘం పుట్టింది కూడా, పాటలు చెదిరిపోకుండా పట్టి ఉంచాలనే.

నీళ్ళ గురించి చెప్పకపోతే ఆ ఊరి గురించి చెప్పినట్టు కాదు. కొదరా వాగు ఒడ్డున సోగిసుయ్ అనే ఊట ఉంది. పదిహేనో శతాబ్దపు కవి సోగి పేరు మీద పిలుస్తారు. 1985లో జపాన్ ప్రభుత్వం దేశంలోని నూరు ఉత్తమ జలాలను ఎంపిక చేసినప్పుడు జాబితాలో మొట్టమొదట చేరింది ఇదేనని ఊరివాళ్ళు గర్వంగా చెబుతారు. ఆ ఊట నీరు మెట్లు మెట్లుగా రాతి తొట్లలోకి దిగుతుంది. పై తొట్టి తాగడానికి, దాని కింది తొట్టి బియ్యం, కూరలు కడగడానికి, ఆ కింద గిన్నెలు, అడుగున మెతుకులు తినే చేపలు. పై ఇంటివాడు పాడుచేస్తే కింది ఇంటివాడికి మిగిలేది ఏముంటుంది? ఊటను, కాలువలను వంతులవారీగా కడిగేది ఆ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళే. ఒక ఆదివారం ఉదయం నేనూ చీపురు పట్టాను. రాళ్ళ మీది నాచు ఊడదీస్తుంటే మోకాళ్ళ దాకా మంచులాంటి నీళ్ళు. ఆగస్టులో ఆ ఊటకూ ఒక జాతర, ఆ రాత్రికి ఆట అక్కడి వీధుల్లో. పగలు నీళ్ళకు పాచి తీసినవాళ్ళు రాత్రి లాంతర్లు కడతారు. పండుగ చేసుకోవడానికి వేరే సంఘం ఎందుకు పెట్టుకోలేదో నాకు ఆ చీపురు పట్టుకున్నప్పుడే తెలిసింది. నీళ్ళకు ఉన్న వరుసే ఆటకూ సరిపోయింది.

ఒబోన్ రాత్రులు వేరే లోకం. ఆగస్టు 13 నుంచి 16 దాకా నాలుగు రాత్రులు తెల్లవార్లూ ఆడతారు. పితరులు ఇళ్ళకు వచ్చే రోజులవి, మన మహాలయ పక్షం లాంటివి. కాకపోతే మనం తర్పణాలు వదిలి నిశ్శబ్దంగా ఉంటాం, వాళ్ళు వీధిలోకి వచ్చి ఆడతారు. వచ్చిన పితరులకూ వలయంలో చోటుంటుందని ఒబాసాన్ నమ్మకం. దేశం నలుమూలల నుంచి వేలమంది వస్తారు. అడుగు తీసి అడుగు వేసే చోటుండదు, భుజం భుజం రాసుకుంటుంది. తెల్లవారుజామున మూడింటికి హరుకోమా పడితే ఊరే గుర్రమై లేస్తుంది. ఆ ఉత్సాహాన్ని నేను తక్కువ చేయను, ఒక రాత్రి మొత్తం ఆడి, నది ఒడ్డున రాళ్ళ మీద పడి నిద్రపోయినవాణ్ణి నేనూ. అయినా ఎవరైనా అడిగితే నేను ఆ నాలుగు రాత్రులు కాకుండా, పేరు లేని ఒక శనివారం వెళ్ళమంటాను. రెండు వందల మంది మాత్రమే ఉండే రాత్రి. అప్పుడే పేట కనిపిస్తుంది. మెట్ల మీద కూర్చుని విసనకర్ర ఊపుతున్న ముసలమ్మ, యుకతా అనే వేసవి దుస్తుల నడికట్టు జారిపోతుంటే తల్లి చేత కట్టించుకుంటున్న పిల్ల, ఊడ్చడానికి చీపురు ముందే గోడకు ఆనించి పెట్టుకుని ఆడుతున్న పెద్దాయన. గుంపులో వీళ్ళంతా కరిగిపోతారు.

2017 ఆగస్టులో అమ్మ వచ్చింది. మాది హనుమకొండ. అమ్మకు అరవై రెండు, విమానం ఎక్కడం అదే మొదటిసారి. నగోయాలో భవనాలు, రైళ్ళు చూపిస్తే "బాగున్నాయి" అని ఊరుకుంది. శనివారం గుజో తీసుకెళ్ళాను. ఆ రోజు మధ్యాహ్నం నుంచే మబ్బు. సాయంత్రానికి చినుకులు మొదలయ్యాయి. ఆట ఆగిపోతుందనుకున్నాను, కానీ మామూలు వానకు ఆపరని పెద్దాయన చెప్పాడు. మండపం మీద వాద్యాలు తడవకుండా పట్టా కప్పారు, అంతే. చీరకుచ్చిళ్ళు పైకి దోపుకుని, తలమీద నా తువ్వాలు వేసుకుని, అమ్మ ఒక చూరు కింద నిలబడింది. కాసేపు చూసింది.

"మధ్యలో బతుకమ్మ ఏది?" అని అడిగింది.

మండపం చూపించాను. అదే అనుకోమన్నాను.

"పాట మగవాళ్ళు పాడుతున్నారు, వంత అందరూ పాడుతున్నారు. ఎడమకు తిరుగుతున్నారా, కుడికా? అడుగు ముందుకు రెండు, వెనక్కి ఒకటి, తర్వాత చప్పట్టు..." తనలో తాను లెక్కపెట్టుకుంటోంది. ఇంతలో మడమల అవ్వ, నా గురువు, వలయంలోంచి బయటికి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. ఇద్దరికీ ఒకరి భాష ఇంకొకరికి ఒక్క ముక్క రాదు. అమ్మ చెప్పులు విడిచేసి తడి రోడ్డు మీద ఉత్తి కాళ్ళతో కలిసిపోయింది. నాకు కవాసకి పట్టుబడటానికి రెండు వారాలు పట్టింది, అమ్మకు మూడు చుట్లు కూడా పట్టలేదు. యాభై ఏళ్ళుగా ప్రతి దసరాకూ తొమ్మిది రాత్రులు వలయంలో తిరిగిన కాళ్ళు అవి. చప్పట్టు ఎక్కడ పడుతుందో వాటికి ముందే తెలుసు. నడుం వంచడంలో, చెయ్యి తిప్పడంలో మాత్రం బతుకమ్మ వరస వదల్లేదు. అవ్వ అది చూసి, రెండో పాటకు తనూ అలాగే నడుం వంచి చప్పట్టు కొట్టింది. వాన నీళ్ళు చూరుల మీంచి ధారగా కాలువలోకి పడుతున్నాయి, లాంతర్ల వెలుగు రోడ్డంతా పాకింది. మండపంలో గొడుగుల దుకాణం ఆయన పాడుతూనే అమ్మ వైపు తల ఊపాడు.

రాత్రి ఒబాసాన్ ఇంట్లో తడి చీర ఆరేస్తూ అమ్మ అడిగింది, "వీళ్ళు పూలను నీళ్ళలో కలపరా?" కలపరన్నాను. "మరి చివర్లో ఏం చేస్తారు?" ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆఖరి రాత్రి నేను అప్పటికి చూడలేదు.

ఆ ఊళ్ళో ఆటకు ఒక పట్టా కూడా ఇస్తారు. ఏ రాత్రి ఏ ఆటకో ముందే చెబుతారు. సంఘం పెద్దలు వలయంలో కలిసి నడుస్తూ చూస్తారు, బాగా ఆడినవాళ్ళ చేతిలో నిశ్శబ్దంగా ఒక చిన్న బిళ్ల పెడతారు. దాన్ని చూపిస్తే పేరు రాసి పట్టా ఇస్తారు. రెండో వేసవి చివర్లో నెకో నో కోకు నా చేతిలో బిళ్ల పడింది. ఆ పట్టాను అట్ట కట్టించి అమ్మకు పంపించాను. ఇంటికి ఎవరొచ్చినా అది చూపించి "మావాడికి జపానులో పిల్లి ఆట పాసయింది" అని ఇప్పటికీ చెబుతుంది. నా చదువుల పట్టాలన్నీ బీరువాలో ఉన్నాయి, అదొక్కటే గోడ మీద ఉంది.

2018 సెప్టెంబరులో ఆఖరి రాత్రి చూశాను. నెలాఖరుకు నేను ఇండియా వచ్చేయాలి. ఆ రాత్రి ఎవరూ పెద్దగా నవ్వరు. ఆటల నడుమ విరామంలో కూడా మాటలు మెల్లగా ఉంటాయి. ప్రతి రాత్రీ ముగింపు మత్సుసకా అనే ఆటతోనే. షమిసెన్, వేణువు, డోలు అన్నీ ఆగిపోతాయి, చిడతల్లాంటి రెండు చెక్కల చప్పుడూ, మనిషి గొంతూ మిగులుతాయి. రోజూ వింటున్నదే, కానీ ఆ రాత్రి ఆ చెక్కల చప్పుడు ఆగాక ఎవరూ కదల్లేదు. తర్వాత లాంతర్లు పంచారు. వెలుగుతున్న కాగితపు లాంతర్లు చేతుల్లో పట్టుకుని, మండపాన్ని మెల్లగా తోసుకుంటూ పోతుంటే వెనక అందరం నడిచాం. వచ్చే ఏటి దాకా అది ఉండే చోటికి. దారిలో ఇళ్ళ గుమ్మాల్లో ముసలివాళ్ళు నిలబడి వంగి నమస్కరించారు. మండపానికా, పాటకా, పితరులకా అని నేను అడగలేదు. అమ్మ ప్రశ్నకు జవాబు దొరికింది, ఆ అర్ధరాత్రే ఫోను చేసి చెప్పాను. "సాగనంపుతారన్నమాట" అన్నది.

2020, 2021 వేసవుల్లో మహమ్మారి వల్ల వీధుల్లో ఆట లేదు. హైదరాబాదులో ఇంట్లో కూర్చుని, ఇంటర్నెట్‌లో వచ్చిన పాటలు పెట్టుకుని, గచ్చు మీద గెతాలు వేసుకుని ఆడాను. కింది వాటావాళ్ళు వచ్చి అడిగితే వాళ్ళకూ చెప్పాను. చప్పుడు ఉంది, వంత లేదు. నిషేధాలకు లొంగని ఆట రెండేళ్ళు ఆగిపోయిందంటే ఆ ముసలివాళ్ళు ఎలా ఉండి ఉంటారో అనుకునేవాణ్ణి. ముఖ్యంగా మడమల అవ్వ. 2022లో మళ్ళీ మొదలైంది. అదే ఏడాది నవంబరు 30న యునెస్కో జపాన్‌లోని 41 నాట్యాలను కలిపి ఒకే వారసత్వంగా గుర్తించింది, అందులో గుజో ఒదోరి ఉంది. సహోద్యోగి ఆ వార్తతో పాటు ఒక ఫొటో పంపాడు. యుకతా కట్టుకున్న అవ్వ, పక్కన చేతికర్ర. ఇప్పుడు వలయంలో తిరగలేదట. మెట్ల మీద కూర్చుని గెతాలతో తాళం వేస్తుందట.

యునెస్కో గుర్తింపు వల్ల బయటివాళ్ళు ఇంకా ఎక్కువ వస్తారు. రావాలి కూడా, ఊరికి ఆదాయం కావాలి. ఏడు పట్టణాలు, గ్రామాలు కలిసి 2004లో గుజో నగరమైంది, మొత్తం కలిపినా నలభై వేలకు అటూ ఇటూ జనాభా, అదీ ఏటా తగ్గుతోంది. నా దిగులంతా లాంతర్లు కట్టే చేతుల గురించి. ఆటకు వేలమంది ఉంటారు, బల్లకు రెండో చివర పట్టుకునేవాడు ఒక్కడు కావాలి. అక్కడికి వెళ్ళే మన తెలుగువాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. నగోయా చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసేవాళ్ళకు నేను ఎప్పుడూ ఒకటే చెబుతుంటాను. రాత్రి ఎనిమిదింటికి కాదు, మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి. ఫోను జేబులో పెట్టుకుని, వీధి చివర నిలబడండి. ఎవరో ఒకరు బల్ల చూపిస్తారు.

పోయిన వారం సహోద్యోగి నుంచి సందేశం వచ్చింది. ఇప్పుడు అతను ఉద్యోగం మార్చుకుని ఊళ్ళోనే ఉంటున్నాడు. కైరన్‌బాన్ పలకను ఫొటో తీసి పంపాడు. ఈసారి మా వీధి రాత్రి శనివారం పడింది. లాంతర్ల దగ్గర నలుగురి పేర్లున్నాయి, బండ్లు ఆపే చోట ఇద్దరివి. ఊడ్చేచోట పెద్దాయన పేరుంది. బల్లల వరుసలో మాత్రం ఒకే పేరు, దాని పక్కన ఖాళీ.

సెలవు కోసం దరఖాస్తు పెట్టాను. అమ్మకు ఫోను చేశాను. చీరలు కాస్త పొట్టిగా కుట్టించుకోవడం కుదురుతుందా అని అడిగింది, వానలో కుచ్చిళ్ళు తడవకుండా.